సాంచాల వెలుతురులో రెండు కెమెరాలు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో పెళ్లిళ్లు తీసే ఫోటోగ్రాఫర్ల దగ్గర లెన్సులు మార్చుకునే పెద్ద కెమెరా ఎటూ ఉంటుంది. జేబులో ఫోనూ ఉంటుంది. అయినా ఈ రెండూ చేయలేని పని ఒకటి మిగిలే ఉంది. పెద్ద కెమెరాతో సాంచాల (మరమగ్గాల) కార్ఖానాలోకి వెళ్తే పనిచేసేవాళ్లు చేతిలో పని ఆపి ఫోటో కోసం నిలబడతారు. ఫోనుతో తీస్తే ట్యూబ్‌లైటు వెలుగులో ముఖం మీది ముడతలు, బట్ట మీది పోగులు అన్నీ కలిసిపోయి నున్నగా వస్తాయి. మన ఊళ్ల బతుకును ఉన్నది ఉన్నట్టు తీయాలనుకునేవాళ్లు పెద్ద సెన్సర్ ఉన్న చిన్న కెమెరా కోసం వెతికేది అందుకే.

వెతకడం మొదలుపెడితే చాలామంది చివరికి రెండు పేర్ల దగ్గర ఆగుతారు. ఒకటి 2019లో వచ్చిన రికో జీఆర్ త్రీ. 24 మెగాపిక్సెళ్లు, బ్యాటరీతో కలిపి 257 గ్రాములు, చొక్కా జేబులో పడుతుంది. రెండోది 2024లో వచ్చిన ఫుజీఫిల్మ్ ఎక్స్100 సిక్స్. 40 మెగాపిక్సెళ్లు, 521 గ్రాములు, మెడకు వేలాడదీసుకోవాల్సిందే. అమెరికాలో విడుదలైన నాటి ధర మొదటిదానికి 899 డాలర్లు, రెండోదానికి 1,599 డాలర్లు. రెండింటికీ లెన్సు మార్చలేం, జూమ్ లేదు. ఇక అందరూ అడిగే ప్రశ్న ఒకటే: 24 తీసుకోవాలా, 40 తీసుకోవాలా?

నా దృష్టిలో ఈ రెండు కెమెరాల మధ్య తేడాల్లో అన్నిటికంటే చిన్నది అదే. అసలు తేడాలు తెలియాలంటే అంకెల పట్టిక పక్కన పెట్టి, మనం ఎక్కడ, ఏ వెలుతురులో తీస్తామో అక్కడి నుంచి లెక్క మొదలుపెట్టాలి.

ముందు సెన్సర్ సంగతి. ఈ రెండింటిలోనూ ఉన్నది ఏపీఎస్-సి అనే కొలత సెన్సర్. వెడల్పు 23.5 మిల్లీమీటర్లు, ఎత్తు 15.6. అంటే సుమారు 366 చదరపు మిల్లీమీటర్లు. మామూలు ఫోన్లలో ప్రధాన కెమెరా సెన్సర్ 50 చదరపు మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. ఒక అంగుళం సెన్సర్ అని గొప్పగా చెప్పుకునేది కూడా 116 మాత్రమే. ఇంత పెద్ద సెన్సర్‌ను చిన్న డబ్బాలో పట్టించగలగడానికి కారణం, లెన్సు మార్చే వీలు తీసేయడమే. మౌంటు అక్కర్లేదు, లోపల అద్దం అక్కర్లేదు. లెన్సు చివరి గాజును సెన్సర్‌కు బాగా దగ్గరగా జరపొచ్చు. 2008లో సిగ్మా కంపెనీ డీపీ1తో ఈ దారి తెరిచింది. 2011లో మొదటి ఎక్స్100, 2013లో డిజిటల్ జీఆర్‌కు పెద్ద సెన్సర్ వచ్చాయి. వెలుతురు పడే చోటు పెద్దదైతే బొమ్మ బాగుంటుందన్న సంగతి మాత్రం పాతదే. నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ పెద్ద గాజు పలకల మీద తీసిన హైదరాబాద్ బొమ్మల్లో నగల చెక్కడం నేటికీ విడివిడిగా కనిపిస్తుంది.

పెద్ద సెన్సర్‌తో బొమ్మలో గ్రెయిన్స్, అంటే ఇసుక లాంటి చుక్కలు, ఎందుకు తగ్గుతాయి? వెలుతురు ధారగా కాక ఫోటాన్లనే విడివిడి కణాలుగా వస్తుంది కాబట్టి. తొలకరి చినుకులు ఎండిన వాకిట్లో పడటం గుర్తు తెచ్చుకోండి. మొదటి నిమిషంలో ఒక చోట నాలుగు చుక్కలు, పక్కనే జానెడు మేర పొడి. వాన సాగేకొద్దీ వాకిలంతా ఒకే తీరుగా తడుస్తుంది. సెన్సర్ మీద జరిగేదీ ఇదే. ఒక పిక్సెల్ మీద సగటున 10,000 ఫోటాన్లు పడితే సహజంగా వచ్చే హెచ్చుతగ్గు దాని వర్గమూలం, అంటే 100. నూటికి ఒకటి, కంటికి కనిపించదు. అదే 100 ఫోటాన్లే పడితే హెచ్చుతగ్గు 10, నూటికి పది. సాఫీగా ఉండాల్సిన గోడ మీద ఇసుక చల్లినట్టు కనిపించేది అదే. ఇది కెమెరా లోపం కాదు, వెలుతురు స్వభావం. ఎంత ఖరీదు పెట్టినా పూర్తిగా తప్పించుకోలేం. ఎక్కువ వెలుతురు పట్టడం ఒక్కటే మార్గం.

మెగాపిక్సెళ్ల లెక్క ఇక్కడే తేలిపోతుంది. జీఆర్‌లో ఒక్కో పిక్సెల్ వెడల్పు 3.9 మైక్రాన్లు, ఫుజీలో 3 మైక్రాన్లు. పిక్సెల్ చిన్నది కాబట్టి ఫుజీలో గ్రెయిన్స్ ఎక్కువ అని వాదించేవాళ్లున్నారు. స్క్రీన్ మీద రెండింటినీ పూర్తిగా జూమ్ చేసి పక్కపక్కన పెడితే అలాగే కనిపిస్తుంది కూడా. కానీ ఆ పోలికే తప్పు. 40 మెగాపిక్సెళ్ల బొమ్మను పూర్తిగా జూమ్ చేయడమంటే దాన్ని ఇంకా పెద్ద సైజులో చూడటం. రెండింటినీ ఒకే సైజు ఆల్బమ్ పేజీ మీద ప్రింట్ వేయండి. సెన్సర్ విస్తీర్ణం ఒకటే కాబట్టి, పడిన వెలుతురు ఒకటే అయితే ఫలితం దాదాపు ఒకేలా ఉంటుంది.

పడిన వెలుతురు ఒకటే అయితే! మాట అక్కడుంది. వెలుతురును లోపలికి పంపేది లెన్సు రంధ్రం. జీఆర్ లెన్సు నాభ్యంతరం 18.3 మిల్లీమీటర్లు, పూర్తిగా తెరిస్తే ఎఫ్ 2.8. భాగిస్తే రంధ్రం వ్యాసం 6.5 మిల్లీమీటర్లు. ఫుజీ లెన్సు 23 మిల్లీమీటర్లు, ఎఫ్ 2. వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. మామూలు ఫోనులో ఇది 3 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. మీరు నిలబడిన చోటు నుంచి ఎదుటి మనిషి ముఖాన్ని తీస్తే, ఆ ముఖం నుంచి వచ్చే వెలుతురులో ఎంత లోపలికి వెళ్తుందో నిర్ణయించేది ఈ రంధ్రం వైశాల్యమే. ఆ లెక్కన జీఆర్ కంటే ఫుజీ సుమారు మూడు రెట్లు ఎక్కువ పడుతుంది. 24కూ 40కీ మధ్య తేడా కంటే ఈ 6.5కూ 11.5కూ మధ్య తేడాయే బొమ్మలో కనిపిస్తుంది.

ఇప్పుడు సిరిసిల్లకు వెళ్దాం. బీవై నగర్‌లో ఒక కార్ఖానా అనుకోండి. వరసగా సాంచాలు, పైన ట్యూబ్‌లైట్లు, కండెల బుట్టలు, గాల్లో నూగు. వెలుతురు 200 లక్స్ అనుకుంటే, ఐఎస్ఓ 100, ఎఫ్ 2 దగ్గర సరైన షట్టర్ స్పీడు సెకనులో ఇరవయ్యో వంతు. పోగును అటూ ఇటూ మోసే నాడె మాత్రం సెకనుకు పది మీటర్లకు పైనే దూసుకుపోతుంది. సెకనులో ఇరవయ్యో వంతులో అది అర మీటరు దాటుతుంది, ఫోటోలో నాడె ఉండదు, ఒక చార ఉంటుంది. 500వ వంతుకు వెళ్తే కదలిక రెండు సెంటీమీటర్లకు తగ్గుతుంది. అందుకు ఫుజీలో ఐఎస్ఓ 2,500 పెట్టాలి, జీఆర్‌లో 5,000. రెండూ వాడదగినవే. కానీ సాంచా వెనుక నీడలోని ముఖం 2,500 దగ్గర ముఖంలా ఉంటుంది, 5,000 దగ్గర రంగులు మట్టిపడటం మొదలవుతుంది.

చేతి వణుకును సరిదిద్దే ఏర్పాటు రెండింటిలోనూ సెన్సర్‌కే ఉంది. కంపెనీల లెక్క ప్రకారం జీఆర్‌లో నాలుగు స్టాపులు, ఫుజీలో ఆరు. ఇది నాడె విషయంలో పనికిరాదు. వణికేది మన చేయి అయితేనే అది సరిచేయగలదు, కదిలేది ఎదుటి వస్తువైతే చేయగలిగేది ఏమీ లేదు. సంధ్యవేళ జగిత్యాల ఖిల్లా గోడను ట్రైపాడ్ లేకుండా తీయాలనుకునేవాళ్లకు మాత్రం ఆ ఆరు స్టాపులు నిజంగా వరం. అమ్మేవాళ్లు ఈ తేడా చెప్పరు.

ట్యూబ్‌లైట్ల దగ్గర ఇంకో చిక్కుంది. మన కరెంటు సెకనుకు 50 సార్లు దిశ మార్చి మళ్లీ మొదటికి వస్తుంది, దాంతో చోక్ ఉన్న ట్యూబ్‌లైటు వెలుగు సెకనుకు 100 సార్లు పెరిగి తగ్గుతుంది. కంటికి తెలియదు, 500వ వంతు షట్టర్‌కు తెలుస్తుంది. వరసగా తీసిన నాలుగు ఫోటోల్లో ఒకటి వెలుగుగా, ఒకటి మసకగా, ఒకటి పచ్చగా రావడానికి కారణం ఇదే. ఈ రెండు కెమెరాల్లోనూ షట్టర్ లెన్సులోనే ఉంటుంది కాబట్టి ఫ్రేమంతా ఒకేసారి వెలుతురు చూస్తుంది, అడ్డ చారలు రావు. ఫుజీలో ఎలక్ట్రానిక్ షట్టర్ పెడితే మాత్రం సెన్సర్ వరస తర్వాత వరస చదువుతుంది, చారలు పడతాయి, పరుగెత్తే నాడె వంకరపోతుంది. సాంచాల చప్పుడులో కెమెరా చప్పుడు ఎవరికీ వినిపించదు కాబట్టి నిశ్శబ్దపు షట్టర్ అవసరమే లేదు. కదలిక లేని దృశ్యమైతే సెకనులో వందో వంతు దగ్గర తీయండి, ఒక పూర్తి హెచ్చుతగ్గు అందులో ఇమిడిపోతుంది.

ఇంతవరకూ ఫుజీదే పైచేయి. కానీ అదే కార్ఖానాలో రెండు వరసల మధ్య సందులో నిలబడండి. జీఆర్ లెన్సు ఫిల్మ్ కెమెరా లెక్కలో 28 మిల్లీమీటర్ల చూపు, ఫుజీది 35. రెండు మీటర్ల దూరం నుంచి జీఆర్‌కు 2.6 మీటర్ల వెడల్పు పడుతుంది, ఫుజీకి రెండు మీటర్లకు కాస్త పైన. ఒక మనిషి, అతను చూసుకుంటున్న సాంచా మొత్తం ఒకే ఫ్రేములో కావాలంటే ఫుజీ పట్టుకున్నవాడు వెనక్కి జరగాలి. వెనక ఇంకో సాంచా తిరుగుతూ ఉంటుంది! వెలుతురు ఫుజీ తీసుకొమ్మంటుంది, చోటు జీఆర్ తీసుకొమ్మంటుంది. జీఆర్‌తో తీసి తర్వాత కత్తిరించి 35 చూపు తెచ్చుకోవచ్చు, 24 మెగాపిక్సెళ్లలో 15 మిగులుతాయి. ఫుజీతో తీసిన బొమ్మకు లేని వెడల్పును తర్వాత తెచ్చిపెట్టలేం. ఫుజీ 40 మెగాపిక్సెళ్ల అసలు ఉపయోగం దీనికి వ్యతిరేక దిశలో ఉంది. దూరంగా ఉన్న చేతిని 70 మిల్లీమీటర్ల చూపు వరకు కత్తిరించినా 10 మెగాపిక్సెళ్లు మిగులుతాయి, ఆల్బమ్ పేజీకి అవి చాలు.

బట్టను తీసేవాళ్లు తప్పక చూసుకోవాల్సింది మోయిరే. సిరిసిల్ల గుడ్డలో పోగులు ఒక క్రమంలో ఉంటాయి, సెన్సర్‌లో పిక్సెళ్లూ ఒక క్రమంలో ఉంటాయి. ఈ రెండు క్రమాలు దాదాపు ఒకే సన్నదనానికి వచ్చినప్పుడు బట్టలో లేని వంకర గీతలు, ఊదా పచ్చ మరకలు ఫోటోలో పుడతాయి. అంగుళానికి 60 పోగులున్న గుడ్డను తీసుకుని లెక్క వేస్తే, జీఆర్‌లో ఈ ప్రమాదం ఒక మీటరు దూరం దగ్గర మొదలవుతుంది, ఫుజీలో 1.6 మీటర్ల దగ్గర. అంటే పిక్సెళ్లు పెరిగితే మోయిరే పోదు, దూరం జరుగుతుంది అంతే. ఫుజీ ఇంకో ఉపాయం చేసింది. 1976లో కొడాక్ కంపెనీకి చెందిన బ్రైస్ బేయర్ పేటెంట్ పొందిన రంగు గళ్ల అమరిక రెండేసి పిక్సెళ్లకోసారి తిరిగి వస్తుంది, జీఆర్‌తో సహా చాలా కెమెరాలు వాడేది అదే. ఫుజీ ఎక్స్-ట్రాన్స్ అమరిక ఆరేసి పిక్సెళ్లకోసారి తిరుగుతుంది. క్రమం పొడవైనకొద్దీ పోగుల క్రమంతో తగులుకోవడం తగ్గి, రంగు మరకలు తక్కువగా వస్తాయి. జీఆర్‌కు వేరే మందు ఉంది. వణుకు సరిచేసే ఏర్పాటుతోనే సెన్సర్‌ను సూక్ష్మంగా కదిలించి బొమ్మను రవ్వంత మెత్తబరుస్తుంది. మెనూలో ఆ సౌకర్యం ఆన్ చేసుకోవాలి. బట్టను బాగా దగ్గరగా తీయడానికి మాత్రం జీఆరే మెరుగు. ఆరు సెంటీమీటర్ల దూరం నుంచి ఫోకస్ అవుతుంది, ఫుజీ పది దగ్గర ఆగిపోతుంది. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన ఊళ్లో ఆ నాలుగు సెంటీమీటర్లు చిన్న విషయం కాదు.

ఇక నూగు. కార్ఖానా గాలిలో తేలే సన్నటి దూది ధూళి ఊపిరితిత్తులకే కాదు, కెమెరాకూ శత్రువే. జీఆర్ ఆన్ చేసినప్పుడల్లా లెన్సు గొట్టం బయటికి వస్తుంది, ఆఫ్ చేస్తే లోపలికి పోతుంది. కదిలిన ప్రతిసారీ గాలిని లోపలికి పీల్చుకుంటుంది, గాలితో పాటు ధూళినీ. సెన్సర్‌ను దులిపే ఏర్పాటు దానిలో ఉన్నా, వాడేవాళ్ల నుంచి ఎక్కువగా వినిపించే ఫిర్యాదు దుమ్ము మచ్చలే. ఫుజీ లెన్సు అలా బయటికి రాదు. కంపెనీ అమ్మే అడాప్టర్ రింగు, 49 మిల్లీమీటర్ల రక్షణ ఫిల్టర్ ముందు బిగిస్తే దుమ్ము, చినుకుల నుంచి కాపు ఉంటుంది. ఆ రెండూ విడిగా కొనాలి, బడ్జెట్‌లో ముందే కలుపుకోండి.

కోరుట్ల వైపు వెలుతురు వేరు. ఇంటి ముందు అరుగు నీడలో ఒక ఆడమనిషి ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ ఉంటుంది. చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు, దారం. ఆమె వెనుక గది చీకటి, ముందు వాకిట్లో మండే ఎండ. ఇక్కడ వెలుతురు చాలకపోవడం కాదు సమస్య, వెలుతురుల మధ్య అగాధం. పిక్సెల్ ఒక హద్దు వరకే ఫోటాన్లను దాచుకోగలదు. నిండిపోయాక ఎంత పడినా తెలుపే. ఆ తెలుపులో తర్వాత వెతికినా ఏమీ దొరకదు. నీడలో దాగింది మాత్రం రా ఫైల్ నుంచి పైకి తేవచ్చు. అందుకే ఎండకు తగ్గట్టు ఎక్స్‌పోజర్ పెట్టి, నీడలోని ముఖాన్ని కంప్యూటర్‌లో లేపాలి. రెండు కెమెరాలూ ఈ పని చక్కగా చేస్తాయి, ఇక్కడ ఒకటి గొప్ప, ఇంకోటి తక్కువ అని చెప్పలేను. జీఆర్‌లో వెలుగు భాగాలను కాపాడే మీటరింగ్ ఉంది. ఫుజీలో డీఆర్ 400 ఉంది. అది పెట్టగానే ఐఎస్ఓ 500కి ఎగబాకడం చూసి కొందరు కంగారుపడతారు. నిజానికి కెమెరా రెండు స్టాపులు తక్కువ వెలుతురుతో తీసి, ముదురు భాగాలను మాత్రమే పైకి లేపుతోంది.

జగిత్యాల పక్కన చల్‌గల్ మామిడి మార్కెట్‌లో మే నెల పొద్దున పది దాటితే కెమెరా వెనుక స్క్రీన్ నల్లగా కనిపిస్తుంది. జీఆర్‌కు కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ లేదు. ఫుజీకి ఉంది, అదీ గాజు గుండా నేరుగా చూసేది, ఎలక్ట్రానిక్ రెండూ. ఈ ఒక్క కారణానికే ఎండలో ఎక్కువ తీసేవాళ్లు ఫుజీ వైపు మొగ్గడం సబబు. రెండు కంపెనీలూ కెమెరా పనిచేసే వేడిని 40 డిగ్రీల వరకే చెబుతాయి. మన ఎండాకాలం దాన్ని సులువుగా దాటుతుంది, కాబట్టి బండి డిక్కీలో మాత్రం వదలకండి. బ్యాటరీ విషయంలో జీఆర్ మరీ బలహీనం. ఒక్కసారి ఛార్జింగ్‌కు 200 ఫోటోలే లెక్క, గాజు గుండా చూసి తీస్తే ఫుజీ దానికి రెట్టింపు ఇస్తుంది. ఇంకో రెండు బ్యాటరీలు లేకుండా జీఆర్‌తో పెద్ద హనుమాన్ జయంతికి కొండగట్టు ఎక్కడం వృథా.

కానీ అదే కొండగట్టు జనంలో, మామిడి వేలం పాట దగ్గర గుమిగూడిన ఖరీదుదారుల మధ్య జీఆర్ చేసే పని ఇంకే కెమెరా అంత సులువుగా చేయదు. దానిలో స్నాప్ ఫోకస్ అని ఒకటుంది. ఫోకస్ దూరాన్ని ముందే 2.5 మీటర్లు అని పెట్టేస్తాం. ఎఫ్ 8 దగ్గర ఆ లెన్సుకు సుమారు 1.15 మీటర్ల నుంచి అనంతం వరకు అంతా స్పష్టంగా వస్తుంది. ఇక కెమెరా ఫోకస్ వెతుక్కోవాల్సిన పనే లేదు, బటన్ నొక్కిన క్షణమే ఫోటో. ధర కుదిరి చేయి చేయి కలిసే క్షణం ఆటోఫోకస్ కోసం ఆగదు. ఎండ పుష్కలంగా ఉన్నచోట ఎఫ్ 8 పెట్టినా షట్టర్ స్పీడుకు ఢోకా లేదు. చిన్న రంధ్రం ఇక్కడ లోటు కానే కాదు. అరచేతిలో ఇమిడిన ఆ నల్ల డబ్బాను ఎవరూ పట్టించుకోరు కూడా.

వీడియో కావాలనుకుంటే ఆలోచనే అక్కర్లేదు. జీఆర్ ఫుల్ హెచ్‌డీ దగ్గరే ఆగిపోయింది, ఫుజీ 4కే దాటి 6.2కే దాకా తీస్తుంది. ఫ్లాష్ కూడా ఫుజీలోనే ఉంది.

నా తీర్పు సూటిగా చెబుతాను. కార్ఖానాలు, బతుకమ్మ రాత్రులు, ఇంటి లోపలి మనుషులు మీ విషయమైతే ఫుజీ తీసుకోండి, బరువు భరించండి. సంత, జాతర, బజారు, పగటి వీధి మీవైతే జీఆర్ తీసుకోండి, మిగిలిన డబ్బు బ్యాటరీలకూ ప్రింట్లకూ పెట్టండి. రెండూ తీసేవాళ్లకు నేను ఫుజీనే చెబుతాను, ఎందుకంటే వెలుతురు కొరతను తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా పూడ్చలేదు, ఇరుకు సందుకు తలుపు దగ్గర నిలబడటమనే ఉపాయమైనా ఉంది. 2025లో జీఆర్ ఫోర్ వచ్చింది. లెన్సు మళ్లీ 18.3 మిల్లీమీటర్లు, ఎఫ్ 2.8యే, కాబట్టి పైన చెప్పిన వెలుతురు లెక్క దానికీ వర్తిస్తుంది.

కొనే చోట చేయాల్సిన పరీక్ష పది నిమిషాల పని. హైదరాబాద్ కోఠి, ఆబిడ్స్ దుకాణాలకు వెళ్లేటప్పుడు మీ మెమరీ కార్డు, చిన్న గళ్ల గుడ్డ ముక్క ఒకటి వెంట తీసుకెళ్లండి. ట్యూబ్‌లైటు కింద ఆ గుడ్డను మీటరు, మీటరున్నర, రెండు మీటర్ల దూరం నుంచి రెండు కెమెరాలతో, ఒకే షట్టర్ స్పీడుతో, రా ఫైల్‌లో తీయండి. అపర్చర్ పూర్తిగా తెరిచి, ఐఎస్ఓను ఆ మేరకు మారనివ్వండి, ఎందుకంటే రేపు కార్ఖానాలో జరిగేది అదే. గోడకు అంటించిన దినపత్రిక పేజీని నిటారుగా తీసి నాలుగు మూలల్లో అక్షరాలు చూడండి. మూడు మూలలు స్పష్టంగా ఉండి ఒకటి అలికినట్టుంటే ఆ లెన్సు సరిగా కూర్చోలేదు. ఇంటికి తెచ్చి రెండు బొమ్మలనూ ఒకే సైజులో ప్రింట్ వేయించి పక్కపక్కన పెట్టండి.

మన ప్రాంతంలో ఎన్నో కెమెరాలు దుబాయి, మస్కట్, దోహాల నుంచి అన్న సూట్‌కేసులోనో బావ సూట్‌కేసులోనో వస్తాయి. ధర కలిసొస్తే తప్పు లేదు. అయితే అక్కడి వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో బిల్లు మీద రాయించుకోమనాలి, సుంకం లేకుండా తెచ్చుకునే విలువకు పరిమితి ఉంటుందని వాళ్లకు ముందే గుర్తుచేయాలి. సెకండ్ హ్యాండ్ జీఆర్ వస్తే తెల్ల గోడనో మబ్బులేని ఆకాశాన్నో ఎఫ్ 16 దగ్గర, ఫోకస్ తప్పించి ఒక ఫోటో తీయండి. రంధ్రం చిన్నదైనకొద్దీ సెన్సర్ మీది దుమ్ము నీడ చిక్కబడుతుంది కాబట్టి ఎఫ్ 2.8లో కనిపించని మచ్చలు ఇందులో బయటపడతాయి. ఆ దుమ్ము తీయాలంటే కెమెరానే విప్పాలి. మచ్చలు కనిపిస్తే ధర తగ్గించమని బేరమాడకండి, ఇంకో కెమెరా చూడండి.